పట్టికలో ఐదో వరస

(వాడ రాతలు – 11)



పోయిన వారం చాయ్ బండి దగ్గర ఒక సీనియర్ మిత్రుడు కలిశాడు. హాస్టల్ పిల్లల పాత లాప్‌టాప్‌లలో లినక్స్ వేసి ఇస్తున్నానని చెప్తే నవ్వాడు. "బయట ఇంత జరుగుతుంటే నువ్వు రిపేరు దుకాణం పెట్టినవా?" అన్నాడు. అప్పటికప్పుడు నాకు జవాబు తోచలేదు. చాయ్ తాగి వచ్చేశాను. ఈ భాగం మొత్తం ఆయనకు బాకీపడ్డ జవాబు.

ముందు ఆ లాప్‌టాప్ సంగతి చెప్తాను. మెస్ మూసేశాక మా జూనియర్ తమ్ముడొకడు సంచి పట్టుకుని నా గదికి వచ్చాడు. పీజీ రెండో ఏడాది. వాళ్లింట్లో డిగ్రీ దాటిన మొదటి మనిషి.

"అన్నా, ఇగ ఇది పనికి రాదంట."

"ఎవరన్నరు?"

"దుకాణపాయన. విండోస్ పది బంద్ అయిందంట, పదకొండు దీంట్ల ఎక్కదంట. స్క్రాప్ కింద పదిహేను వందలు ఇస్తనన్నడు. కొత్తది నలభై వేలు చెప్పిండు."

ఏదో ఆఫీసు వాడి వదిలేసిన సరుకు అది. మూడో తరం ఐ5, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. వాళ్లమ్మ పత్తి ఏరిన కూలి డబ్బులూ, ఎప్పుడో రావాల్సి ఎప్పుడో వచ్చిన స్కాలర్‌షిప్ బకాయీ కలిపి తొమ్మిది వేలకు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. కీబోర్డు మీద ఒక మీట ఊడిపోయింది. బ్యాటరీ నలభై నిమిషాలు కూడా రాదు. కానీ మీట నొక్కితే వెలుగుతుంది, రాస్తే రాత పడుతుంది. బతికున్నదాన్ని చచ్చిందని రాసిచ్చింది ఎవరు?

నిజం ఏమిటో చూద్దాం. మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ఆపేసింది. ఆ రాత్రి మెషీన్లేమీ ఆగిపోలేదు. భద్రతా అప్‌డేట్లు ఆగాయి. విడిగా నమోదు చేసుకున్నవాళ్లకు 2026 అక్టోబర్ దాకా పొడిగింపు పెట్టారు. అప్‌డేట్లు లేని మెషీన్‌తో బ్యాంకు పనీ స్కాలర్‌షిప్ లాగినూ ప్రమాదమే, అది కాదనను. పదకొండుకు మారదామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. ఇంటెల్ అయితే, ఒకటీ అరా తప్ప, ఎనిమిదో తరం నుంచి ఉన్న ప్రాసెసర్లకే జాబితాలో చోటు. ఎనిమిదో తరం వచ్చింది 2017లో. అంతకుముందువి ఎంత బాగా పనిచేస్తున్నా జాబితా బయటే.

ఇప్పుడు చెప్పండి, జాబితా బయట ఉన్న లాప్‌టాప్‌లు ఎవరి సంచుల్లో ఉన్నాయి? గేటెడ్ కమ్యూనిటీ పిల్లల దగ్గరా, ఎస్సీ హాస్టల్ పిల్లల దగ్గరా? ఆ జాబితా రాసినవాళ్లకు మన హాస్టళ్లు ఉన్నాయని కూడా తెలియకపోవచ్చు. మనల్ని చూసి రాయలేదు కాబట్టి మనమీద దెబ్బ పడలేదని కాదు. చాలా జాబితాలు మనల్ని చూడకుండానే మనల్ని బయట పెడతాయి.

తమ్ముడి ప్రాజెక్టు వాళ్ల మండలంలోని అసైన్డ్ భూముల మీద. ఎవరికి పట్టా ఇచ్చారు, ఇప్పుడు ఎవరి సాగులో ఉంది, మధ్యలో ఏం జరిగింది. ఇంటింటికీ తిరిగి ముసలివాళ్ల మాటలు రికార్డు చేశాడు. అవన్నీ డీ డ్రైవ్‌లో ఉన్నాయి. నాలుగో రోజు గైడ్‌కి మొదటి రెండు అధ్యాయాలు ఇవ్వాలి. నలభై వేలు ఎక్కడ తెస్తాడు?

విండోస్‌ని తీసేయకుండా, దాని పక్కనే లినక్స్ వేద్దామన్నాను. 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి చాలు. లినక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం తేలిక. 2 జీబీ ర్యామ్‌తో కూడా నడుస్తుంది, 4 ఉంటే హాయి. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. దించుకున్న ఫైలును రూఫస్‌తో పెన్‌డ్రైవ్‌కి ఎక్కించాం. లాప్‌టాప్ ఆన్ అవుతుండగా ఎఫ్12 కొట్టి పెన్‌డ్రైవ్ నుంచి లేపాం. (కొన్నింటికి ఎఫ్9, కొన్నింటికి ఎస్కేప్. తెర కింద మూలన రాసి ఉంటుంది, చూడండి.) ఇలా లేపితే డిస్కు మీద చెయ్యి పడకుండానే లినక్స్ ఎలా ఉంటుందో చూడొచ్చు. వైఫై పట్టింది. సౌండ్ వచ్చింది. చచ్చిపోయిందన్న మెషీన్ చకచకా కిటికీలు తెరుస్తుంటే తమ్ముడు నా మొహం చూశాడు.

ఇక అసలు పని. డీ డ్రైవ్ చివర నుంచి 60 జీబీ కుదించి ఖాళీ చేశాం. ఆ ఖాళీలో వేద్దామని ఇన్‌స్టాలర్ తెరిచాం. ఆ ఖాళీ స్థలానికి ఎదురుగా ఒక మాట కనపడింది. 'అన్‌యూజబుల్.' పనికిరానిది.

మొన్న దుకాణంలో లాప్‌టాప్‌ని పనికిరాదన్నారు. ఇప్పుడు ఆ లాప్‌టాప్ లోపలి స్థలాన్ని పనికిరాదంటోంది. 60 జీబీ ఖాళీగా, శుభ్రంగా కళ్ల ముందు ఉంది. ఎందుకు పనికిరాదు?

ఇక్కడ కాస్త ఆగి చదవండి, ఈ భాగంలో నేను చెప్పాలనుకున్నది ఇదే.

పార్టిషన్ అంటే డిస్కుకు గెట్లు పెట్టడం. ఏ గెట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రాసిపెట్టే పట్టిక ఒకటి ఉంటుంది. డిస్కుకు అది పహాణీ లాంటిది. పాత పద్ధతిలో దాన్ని ఎంబీఆర్ అంటారు. డిస్కు మొదట్లో 512 బైట్ల ముక్కలో అది ఉంటుంది. అందులో పట్టికకు కేటాయించింది 64 బైట్లు. ఒక్కో గెట్టుకు 16 బైట్లు. లెక్క వేయండి. నాలుగే వరసలు. వాటినే ప్రైమరీ పార్టిషన్లు అంటారు.

నాలుగు. ఐదోదానికి వరస లేదు.

తమ్ముడి డిస్కులో ఆ నాలుగూ నిండిపోయాయి. సీ డ్రైవ్ ఒకటి, రికవరీ ఒకటి, డీ డ్రైవ్ ఒకటి. వీటన్నిటికంటే ముందు మొదటి వరసలో కూర్చున్నదాని పేరు 'సిస్టమ్ రిజర్వ్‌డ్'. చదివారు కదా? అందరికంటే ముందు రిజర్వేషన్ తీసుకున్నది ఆ వ్యవస్థే. దాని మెరిట్ గురించి ఎవరూ అడగరు. ఫైల్ మేనేజర్‌లో కనపడను కూడా కనపడదు.

తమ్ముడు నాకంటే ముందే అందుకున్నాడు. "అన్నా, ఇది మా ఊరి ముచ్చటే. భూమి ఉన్నది, పహాణీల పేరు లేదు."

అవును. స్థలం లేక కాదు. రాసే పట్టికలో వరస లేక. స్థలం లేకపోవడం వేరు, పట్టికలో వరస లేకపోవడం వేరు. మొదటిది కొరత. రెండోది ఎవరో చేసిన ఏర్పాటు. మనకు ఎప్పుడూ రెండోదాన్ని మొదటిదిగా చూపిస్తారు. సీట్లు లేవంటారు, హాస్టల్‌లో జాగా లేదంటారు, శ్మశానానికి భూమి లేదంటారు. పట్టిక చూపించమంటే మాత్రం చూపించరు.

కంప్యూటర్ని మనువు తయారు చేశాడని నేననడం లేదు. నవ్వుకోకండి. 1983లో పీసీ డాస్ 2.0తో హార్డ్ డిస్కులకు ఈ పట్టిక వచ్చింది. నాలుగు చాలనుకుని నాలుగు పెట్టారు. అంతే. నేననేది వేరే. అది ప్రకృతి కాదు, దైవం కాదు, మనుషులు రాసుకున్న 64 బైట్లు. మనుషులు రాసినదాన్ని మనుషులు చదవగలరు. చదవగలిగితే తిరగరాయగలరు. చదవడం రానంతకాలం మాత్రం 'పనికిరానిది' అన్న మాటనే తీర్పనుకుని లాప్‌టాప్ పట్టుకెళ్లి పదిహేను వందలకు అమ్మి వస్తాం.

మరి ఐదోదానికి దారేమిటి? దారి ఉంది. ఆ నాలుగు వరసల్లో ఒకటి తన చోటు వదలాలి. ఆ చోటులో 'ఎక్స్‌టెండెడ్' అనే పెద్ద గెట్టు ఒకటి పెట్టుకుని, దాని లోపల ఎన్నో గెట్లు వేసుకోవచ్చు. వీటిని లాజికల్ పార్టిషన్లు అంటారు. కానీ నాలుగింటిలో ఒకటి కదలకుండా కూర్చుంటే ఈ దారీ లేదు. ఎవరూ ఏమీ వదలకుండా అందరికీ చోటు ఇస్తామనే మాట పట్టిక ముందు కూడా చెల్లదు.

డీ డ్రైవ్ కదలాలి. డీ డ్రైవ్‌లోనే ఆ ముసలివాళ్ల గొంతులున్నాయి.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. మొదటిసారి నా సొంత లాప్‌టాప్‌లో లినక్స్ వేసినప్పుడు తొందరలో 'డిస్క్ మొత్తం చెరిపేసి వేయి' అనే వరుస నొక్కాను. పక్కనే 'విండోస్ పక్కన వేయి' అనే వరుస ఉంది. చదవలేదు. అందులో మా నాయనమ్మ మాటలున్నాయి. చిన్నప్పుడు దొర గడీలో వెట్టి చేసిన రోజుల గురించి రెండు గంటలు చెప్పింది. నడుమ నడుమ పాడింది కూడా. అప్పటికే ఆమె పోయి ఏడాది. ఇంకెక్కడా ప్రతి లేదు. రికవరీ సాఫ్ట్‌వేర్లతో వారం రోజులు కొట్టుకున్నాను. ముక్కలు దొరికాయి, గొంతు దొరకలేదు.

నన్ను ఏ కంపెనీ మోసం చేయలేదు, ఏ దొరా దోచుకోలేదు. నా చేత్తో నేనే చెరిపాను. అందుకే చెప్తున్నాను. మన చరిత్రకు ఆర్కైవులు లేవు. మన ముసలివాళ్ల సాక్ష్యం ఏ గ్రంథాలయంలోనూ లేదు. ఎవడో కుర్రాడి సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌లో డీ డ్రైవ్‌లో ఉంది. ఆ డిస్కు పోతే ఊరి చరిత్ర పోతుంది. బ్యాకప్ అనేది మనకు సాంకేతిక జాగ్రత్త కాదు, రాజకీయ బాధ్యత. రెండు ప్రతులు, రెండు వేర్వేరు చోట్ల. ఆ తర్వాతే ఏ మీటైనా నొక్కండి.

ఆ రాత్రి ఇద్దరు మిత్రుల దగ్గర ఎక్స్‌టర్నల్ డిస్కులు అడిగి తెచ్చాం. డీ డ్రైవ్ మొత్తం రెండు చోట్లా కాపీ చేశాం. కాపీ అయిందని నమ్మి ఊరుకోలేదు. అక్కడక్కడా ఫైళ్లు తెరిచి విన్నాం. ఒక ముసలమ్మ గొంతు వినపడింది. పట్టా కాగితం ట్రంకు పెట్టెలో దాచానని, ఆ కాగితం ఇంకా ఉంది గానీ భూమే లేదని చెప్తోంది. గదిలో ఎవరం మాట్లాడలేదు.

తర్వాత డీని తీసేసి, ఆ చోటు మొత్తం ఎక్స్‌టెండెడ్ చేసి, లోపల రెండు వేశాం. ఒకటి లినక్స్‌కు. ఒకటి డేటాకు, రెండు వైపుల నుంచీ తెరుచుకునేలా. డిస్కు లెక్కలో లాజికల్ పార్టిషన్ల అంకె ఎప్పుడూ ఐదు నుంచే మొదలవుతుంది. తమ్ముడి లినక్స్ ఉన్న చోటు పేరు ఎస్‌డీఏ5. ఐదోది!

అరగంటలో అయిపోయింది. ఆన్ చేస్తే ఇప్పుడు రెండు పేర్లు వస్తాయి, ఏది కావాలంటే అది. లాజికల్ అయినంత మాత్రాన ఐదో గెట్టులో ఉన్న లినక్స్ ఒక్క క్షణం కూడా నెమ్మది కాదు. 'ప్రైమరీ' అంటే పనితనం కాదు, పట్టికలో పేరు ఎక్కడ రాసి ఉందో అంతే. ఈ ఒక్క వాక్యం మెరిట్ గురించి మాట్లాడే ప్రతివాడికీ వినిపించండి.

ఐదోది అనగానే మురిసిపోవాల్సిన పని కూడా లేదు. 1917లో బెజవాడలో పంచమ మహాజన సభ జరిగింది. హైదరాబాద్ నుంచి వెళ్లిన భాగ్యరెడ్డి వర్మ దానికి అధ్యక్షుడు. ఆ వేదిక మీదే ఆయన 'పంచమ' అన్న పేరును తిరస్కరించాడు. ఈ నేలకు మొదటివాళ్లం ఐదోవాళ్లం ఎట్లా అవుతామన్నది ఆయన వాదన. 'ఆది ఆంధ్ర' అన్న పేరు అక్కడి నుంచి నిలబడింది. చోటు దొరికాక కూడా, ఆ చోటుకు పెట్టిన పేరును ప్రశ్నించడం మనకు ఆయన నేర్పాడు.

ఇక ఇద్దరికి జవాబు చెప్పాలి.

మొదట, విండోస్ ఎందుకు ఉంచావని అడిగే ఫ్రీ సాఫ్ట్‌వేర్ మిత్రులకు. మా కరపత్రాలు అచ్చువేసే ప్రెస్సులో ఇంకా పేజ్‌మేకర్, అను ఫాంట్లు నడుస్తున్నాయి. రేపు ధర్నా అంటే ఈ రాత్రి అక్కడికి ఫైలు పోవాలి. యూనికోడ్‌లోకి మారమని ప్రెస్సాయనకు చెప్తూనే ఉంటాం, ధర్నా మాత్రం ఆపం. మడికట్టుకోవడం మా ఇంటా వంటా లేదు. సాఫ్ట్‌వేర్‌లో మాత్రం ఎందుకు?

ఇంకో మాట కూడా మీకే. మీ లైసెన్సు చాలా గొప్పది. ఎవరైనా వాడొచ్చు, చదవొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు. నిజంగా గొప్పదే. కానీ చాలా ఏళ్ల కింద నేను ఒక వర్క్‌షాప్‌కి వెళ్తే పక్కనున్నాయన ముందు నా కాలేజీ పేరు, తర్వాత ర్యాంకు అడిగాడు. "ఇది మీకు కష్టం, టైపింగ్ లాంటిది నేర్చుకోండి" అన్నాడు. కోడ్‌కు కులం లేదని ఆ రోజు ఆ హాల్లో అందరూ ఒప్పుకున్నారు. కుర్చీల సంగతి ఎవరూ మాట్లాడలేదు.

బొంబాయి శాసనమండలి 1923లో బోలే తీర్మానం చేసింది. ప్రజల డబ్బుతో నడిచే చెరువులూ బావులూ అంటరానివాళ్లకూ తెరవాలని. 1924లో మహాడ్ మునిసిపాలిటీ చవదార్ చెరువు తెరిచామని తీర్మానించింది. కాగితం మీద చెరువు తెరుచుకుంది. నీళ్లు మాత్రం ఎవరూ తాగలేకపోయారు. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో నడిచి వెళ్లి, మెట్లు దిగి, దోసిట్లో నీళ్లు తీసుకుని తాగితే అప్పుడు గానీ ఆ తీర్మానానికి అర్థం రాలేదు. వాళ్లు ఊరుకోలేదు, కొట్టారు, చెరువును శుద్ధి చేశారు, కోర్టుకెళ్లారు. హైకోర్టులో గెలిచేసరికి 1937 వచ్చింది.

లైసెన్సు బోలే తీర్మానం లాంటిది. అవసరమే. కానీ ఎవరైనా తాగొచ్చని బోర్డు రాసిపెట్టి, మెట్ల దగ్గర ర్యాంకు అడిగితే అది తెరిచిన చెరువు కాదు.

రెండో జవాబు చాయ్ బండి మిత్రుడికి. అన్నా, మీ తరం సైక్లోస్టైల్ మిషను తిప్పడం నేర్చుకుంది. గోడ మీద రాయడానికి రంగు కలపడం నేర్చుకుంది. అది రిపేరు దుకాణమని ఎవరూ నవ్వలేదు. భాగ్యరెడ్డి వర్మ పత్రిక పెట్టాడు. లాహోర్ సభవాళ్లు ప్రసంగం రద్దు చేస్తే, 1936లో బాబాసాహెబ్ ఆ ప్రసంగాన్ని సొంత ఖర్చుతో అచ్చేసి పంచాడు. మన మాట మన చేతిలో ఉన్న పనిముట్టు నుంచే బయటికి వచ్చింది. ఈ రోజు ఆ పనిముట్టు ఈ లాప్‌టాప్. దాన్ని ఎప్పుడు చంపాలో ఇంకొకరు నిర్ణయిస్తుంటే, అందులోని పట్టికను మనలో ఒక్కడూ చదవలేకపోతే, మనం రాసేది ఎవరి దయ మీద నిలబడుతుంది?

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇప్పుడు మీతో. మీ దగ్గర పాత లాప్‌టాప్ ఉంటే అమ్మకండి. ముందు బ్యాకప్. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపండి, లేకపోతే ఆ డ్రైవులు లినక్స్‌లో రాయనివ్వవు. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. ఛార్జర్ పెట్టి ఉంచండి, మన కరెంటూ మన బ్యాటరీలూ తెలిసినవే. 'చెరిపేసి వేయి', 'పక్కన వేయి' – ఈ రెండు వరుసల్ని మూడుసార్లు చదవండి. అంతా అయ్యాక విండోస్ గడియారం 5 గంటల 30 నిమిషాలు తేడా చూపిస్తే భయపడకండి. ఒకటి మన టైము లెక్కలో, ఇంకొకటి ప్రపంచ టైము లెక్కలో చూస్తోంది, చిన్న సెట్టింగ్. డబ్బులు కూడితే హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేయించండి, మెషీన్ నిజంగా పరిగెత్తేది అప్పుడే. మీకు వచ్చాక ఇంకో ఇద్దరికి మీరు చేసి ఇవ్వకండి. వాళ్ల చేతే చేయించండి, మీరు పక్కన కూర్చోండి.

చివరగా. ఎంబీఆర్ తర్వాత కొత్త పట్టిక వచ్చింది. దాని పేరు జీపీటీ. ముచ్చట్లు చెప్పే జీపీటీ కాదు, డిస్కు పట్టిక. అందులో మామూలుగా 128 వరసలుంటాయి. ప్రైమరీ, లాజికల్ అన్న తేడానే లేదు. నాలుగింటికి ఐదోదాన్ని కలపలేదు, ఆ తేడానే తీసేశారు.

తమ్ముడి డిస్కును ఆ రాత్రి దానిలోకి మార్చలేదు. టైము లేదు, నాలుగో రోజు అధ్యాయాలు ఇవ్వాలి. ఉన్న పట్టికలోనే ఒక చోటు విడిపించి పని జరిపించాం. సెలవుల్లో బ్యాకప్ తీసి, పట్టికే మారుస్తాం. రెండూ మన పనులే. ఈ రాత్రి చోటు కోసం కొట్లాడటం, రేపు పట్టికే మార్చడం. మొదటిది చేసినవాణ్ని రెండోది మరిచాడని తిట్టకండి. మొదటిది దొరికింది కదా అని రెండోది మరవకండి.

అధ్యాయాలు టైముకే ఇచ్చాడు. ఎస్‌డీఏ5 నుంచి.

జై భీమ్.

(వచ్చే భాగంలో: ముసలివాళ్ల గొంతులు రికార్డు చేసేటప్పుడు అడగాల్సిన అనుమతి గురించి.)